జీతం లేని పనికి గడువు ఎంత?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన పదిహేను రోజులకు మా స్టూడియో గుమ్మం ముందు కొత్త చెప్పులు కనిపించడం మొదలవుతుంది. వచ్చిన కుర్రవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా మాట్లాడతారు గాని, అడిగేది మాత్రం ఒక్కటే: "జీతం వద్దు సార్. మీ దగ్గర ఉండి పని నేర్చుకుంటాను." కొందరు తండ్రిని వెంటబెట్టుకొని వస్తారు. కొందరు ఇంట్లో చెప్పకుండానే వస్తారు. నిరుడు ఒక అమ్మాయి తన దాదీతో కలిసి వచ్చింది, మాట్లాడినదంతా దాదీయే.

నేను గుంటూరులో ముప్పై ఏళ్ళకు పైగా ఈ వృత్తి చేసుకొని బతుకుతున్నవాడిని. ఒకప్పుడు ఇదే మాట ఇద్దరు యజమానులను అడిగాను. తరువాతి కాలంలో ఇదే మాట నన్ను అడిగిన ఒక పిల్లవాడికి అన్యాయం కూడా చేశాను. కాబట్టి ఈ విషయంలో తల్లిదండ్రులకు, పిల్లలకు, నా తోటి స్టూడియో యజమానులకు కొన్ని సంగతులు చెప్పవలసిన బాధ్యత నాకు ఉన్నదనుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. ఛాయాచిత్రం విషయంలో ధర్మపండితుల మధ్య అభిప్రాయభేదాలున్న సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ చర్చ చేయగల అర్హత నాకు లేదు. ఈ వృత్తిలోకి రాదలచిన పిల్లలు ఆ సందేహాన్ని తాము నమ్మే ఆలిమ్ దగ్గర తీర్చుకొని రావడం మంచిది. మనసులో ముల్లు పెట్టుకొని చేసే పని ఎవరికీ అచ్చిరాదు.

చదువు ఒకటి, చేయి తిరగడం మరొకటి

ఫోటోగ్రఫీని కళాశాలలో నేర్చుకొనే మార్గం లేకపోలేదు. హైదరాబాదు మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఇందుకోసం డిగ్రీ కోర్సు ఉన్నది. ప్రవేశ పరీక్ష రాసి చేరవచ్చు. స్థోమత ఉన్నవారు ఆ దారిని తప్పక పరిశీలించాలి. అయితే మన ఊళ్ళలో కెమెరా పట్టి కుటుంబాన్ని పోషించుకుంటున్న వారిలో నాకు తెలిసిన వారంతా ఎవరో ఒకరి వెంట నడిచి నేర్చుకున్నవారే.

ఇది చిన్న ఊళ్ళకే పరిమితమైన సంగతి కాదు. సివిల్ ఇంజనీరింగ్ చదివిన రఘురాయ్ తన అన్నగారైన ఎస్. పాల్ చేతి కిందనే కెమెరా పట్టడం నేర్చుకున్నారు. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలిగా పేరుపొందిన హోమాయి వ్యారావాలా, తరువాతి కాలంలో తన భర్త అయిన మానెక్‌షా వ్యారావాలా వద్ద ఈ పని నేర్చుకున్నారు. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో మాస్ కమ్యూనికేషన్ చదివిన డానిష్ సిద్దిఖీ మొదట టెలివిజన్ విలేఖరి. ఆ దారి విడిచి 2010లో రాయిటర్స్ వార్తాసంస్థలో ఇంటర్న్‌గా, అంటే మళ్ళీ మొదటి మెట్టు నుంచి ప్రారంభించారు. రోహింగ్యా శరణార్థుల చిత్రాలకు 2018లో పులిట్జర్ బహుమతి పొందిన ఆ సంస్థ ఛాయాగ్రాహకుల బృందంలో ఆయన ఒకరు. 2021 జూలైలో అఫ్ఘానిస్తాన్‌లో విధి నిర్వహణలో ఉండగా ప్రాణాలు కోల్పోయారు.

ఎందుకు ఇలా? కెమెరాలోని వెలుతురు, వేగం, లోతు లెక్కలు పుస్తకం చూసి వారంలో నేర్చుకోవచ్చు. ఇప్పుడు ఫోనులో పాఠాలు కూడా కోకొల్లలు. కాని షాదీఖానాలో కరెంటు పోయిన మరుక్షణం ఏం చేయాలి, ఖాజీగారు ఖుత్బా చదువుతుండగా ఎక్కడ నిలబడితే ఎవరికీ అడ్డు కాము, అలిగిన పెద్దాయనను కుటుంబ చిత్రంలోకి ఎలా పిలవాలి అన్నవి ఏ పాఠంలోనూ దొరకవు. వాటిని పక్కన నిలబడి చూసి నేర్చుకోవలసిందే. అందుకే జీతం లేని పనిని నేను తప్పుపట్టను. తప్పు ఎక్కడ మొదలవుతుందో నా అనుభవంలోనే తెలుసుకున్నాను.

ఇద్దరు యజమానులు

1988 వేసవిలో అబ్బా నన్ను ఒక స్టూడియోకు తీసుకొని వెళ్ళారు. అబ్బా దర్జీ. ఆ స్టూడియో యజమాని అబ్బా దగ్గర చొక్కాలు కుట్టించుకొనేవారు. నేను ఆయనను చివరి వరకు గురువుగారు అనే పిలిచాను. ఆ రోజు ఆయన నన్ను బల్ల మీద కూర్చోమని చెప్పి అబ్బాతో ఇలా అన్నారు: "చూడండి భాయ్, ఆరు నెలలు మీవాడికి జీతం ఇవ్వను. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. ఏడో నెల నుంచి నూట యాభై ఇస్తాను. ఆరు నెలలు గడిచేసరికి వీడికి ప్రింటు వేయడం రాకపోతే ఆ తప్పు వీడిది కాదు, నాది."

మొదటి రెండు నెలలు నేను కెమెరాను తాకలేదు. ప్రింట్లు కడిగాను. నలుపు తెలుపు కాగితం మీద బొమ్మ తేలాక దానిని హైపోలో ఉంచి, ఆ తరువాత పారే నీటిలో చాలాసేపు కడగాలి. కడగడం తక్కువైతే అప్పటికి బాగానే కనిపిస్తుంది. కొన్నేళ్ళకు బొమ్మ పచ్చబడి పాడవుతుంది. "నువ్వు ఇవాళ బద్ధకిస్తే, ఈ పెళ్ళికూతురికి మనవరాలు పుట్టేనాటికి ఈ బొమ్మ ఉండదు" అనేవారు గురువుగారు. గుంటూరు ఎండలకు డెవలపర్ వేడెక్కిపోయేది. దానిని ఇరవై డిగ్రీల దగ్గర నిలపడానికి ట్రే చుట్టూ ఐసు ముక్కలు పేర్చేవాళ్ళం. ఐసు తెచ్చే పని నాదే. సైకిలు మీద వచ్చేసరికి సగం కరిగిపోయి నా ప్యాంటు తడిసేది.

మూడో నెలలో ఎన్లార్జర్ ముందు నిలబెట్టారు. నాలుగో నెలలో యాషికా కెమెరా చేతికిచ్చి, పన్నెండు ఫ్రేములున్న ఒక రోలు ఇచ్చి, "పన్నెండూ నీవే. ఒక్కటి వృథా అయినా ఎందుకైందో నాకు రాసి చూపించు" అన్నారు. తొమ్మిది వృథా అయ్యాయి. తొమ్మిది కారణాలు రాశాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. ఏడో నెల మొదటి తారీఖున నూట యాభై రూపాయలు నా చేతికి కాక అబ్బా చేతికి ఇచ్చారు. అబ్బా ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు తరువాత మసీదు నుంచి తిన్నగా ఇంటికి రాకుండా మిఠాయి దుకాణానికి వెళ్ళారు.

రెండో యజమాని సంగతి వేరు. రంగుల చిత్రాలు, వీడియో నేర్చుకోవాలని నేనే ఒక పెద్ద నగరానికి వెళ్ళి పేరున్న స్టూడియోలో చేరాను. అక్కడా జీతం లేదు. ఎన్నాళ్ళు అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళలో నేను చేసినది వీడియో లైటు పట్టుకోవడం, వైర్లు చుట్టడం, ఆల్బమ్‌లు ఇళ్ళకు చేర్చడం. ఎప్పుడడిగినా "వచ్చే సీజన్‌లో చూద్దాం" అనేవారు. గది అద్దె కోసం అమ్మీ తన చెవి కమ్మలు కుదువ పెట్టిన సంగతి నాకు చాలా రోజుల తరువాత తెలిసింది. ఒక రోజు ఉన్నట్టుండి ఒకరు లైట్‌మీటర్ చేతికిచ్చి రీడింగ్ చూడమన్నారు. రెండేళ్ళ "అనుభవం" ఉన్న నాకు దానిని ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియలేదు. ఆ రాత్రే సామాను సర్దుకున్నాను.

ఇద్దరూ జీతం ఇవ్వలేదు. మరి తేడా ఎక్కడుంది? మొదటివారు గడువు చెప్పారు, ఆ గడువులో ఏం నేర్పుతారో చెప్పారు, నేర్పలేకపోతే బాధ్యత ఎవరిదో కూడా చెప్పారు. రెండోవారు నోటిమాటగానైనా ఏమీ చెప్పలేదు. ఇంత చిన్న సంగతి తెలుసుకున్న నేను యజమానినయ్యాక ఏం చేశానో కూడా రాయాలి.

మిరపతొడిమలు తీసే తల్లి

2011లో పక్క మండలం నుంచి ఒక పిల్లవాడు వచ్చాడు. పద్దెనిమిదేళ్ళు నిండాయి. నెమ్మదస్తుడు. జీతం వద్దన్నాడు, సరేనన్నాను. అంతటితో ఒప్పందం ముగిసింది. తెల్లవారుజామున పెళ్ళికి రమ్మన్నా, అర్ధరాత్రి వలీమాకు ఉండమన్నా ఏనాడూ మాట తిరిగి అనలేదు. నేను చెడ్డవాడిని కాననే అనుకున్నాను. భోజనం పెట్టించేవాడిని, పండుగకు బట్టలు కొన్నాను. కెమెరా ఇవ్వకపోవడానికి కారణాలు నాకు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. కొత్త లెన్సు ఖరీదైనది, ఈ పెళ్ళివారు పెద్దవాళ్ళు, ఈసారి కాదు, వచ్చే సీజన్‌లో చూద్దాం. ఆ మాట నా నోటి నుంచి వస్తున్నదన్న స్పృహ కూడా నాకు లేదు.

ఒక మధ్యాహ్నం అతని తల్లి వచ్చారు. మిరప యార్డు దగ్గర కాయల తొడిమలు తీసే పని ఆమెది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. బట్టలకు కారం ఉన్నదని, కుర్చీకి అంటుతుందని గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"భాయ్, డబ్బుల కోసం రాలేదు. మావాడు ఇంకా ఎన్నాళ్ళు నేర్చుకోవాలో చెప్పండి, చాలు. ఇంట్లో వాళ్ళ నాన్నకు నేను ఏదో ఒకటి చెప్పాలి కదా" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆమె వెళ్ళిపోయాక బుకింగ్ రిజిస్టరు తీశాను. పద్నాలుగు నెలలలో ఆ పిల్లవాడు నాతో 61 శుభకార్యాలకు వచ్చాడు. అతడు లేకపోతే లైటు పట్టడానికి రోజుకూలికి మరొకరిని పిలిచేవాడిని. అప్పట్లో ఒక కార్యక్రమానికి 400 రూపాయలు ఇచ్చేవాళ్ళం. మొదటి మూడు నెలలలో జరిగిన 13 కార్యక్రమాలను నేర్చుకొనే కాలంగా తీసివేసినా 48 మిగిలాయి. అంటే 19,200 రూపాయలు. అది నేను సంపాదించిన సొమ్ము కాదు, ఆ ఇంటి సొమ్ము. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న దైవప్రవక్త (స) ఉపదేశాన్ని చిన్నతనం నుంచి వింటూనే ఉన్నాను. నా దుకాణంలో ఎవరి చెమట ఎప్పుడు ఆరిపోయిందో నేను చూడలేదు. ఆ మొత్తాన్ని రెండు విడతలుగా ఇచ్చాను. ఆ నెల నుంచే కెమెరా కూడా చేతికిచ్చాను. కెమెరా ఇవ్వడమే ఎక్కువ కష్టమనిపించింది.

నాకు అంతకంటే సిగ్గుగా తోచినది మరొకటి ఉన్నది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) పరదేశిగా మద్‌యన్ చేరుకొని, అక్కడి ఒక పెద్దమనిషి దగ్గర పనికి కుదిరిన ఘట్టం దివ్యఖుర్ఆన్ అల్ ఖసస్ సూరాలో ఉన్నది. ఎనిమిదేళ్ళు తప్పనిసరి, పదేళ్ళు పూర్తి చేస్తే అది నీ ఇష్టం అని ఆ పెద్దమనిషి ముందే గడువు చెప్పారు. నిన్ను కష్టపెట్టదలచుకోలేదని కూడా చెప్పారు. నిలువ నీడ లేని మనిషితో కూడా గడువు మాట్లాడుకున్నాకే పని మొదలైంది. ఈ ఘట్టాన్ని నేను ఎన్నోసార్లు చదివాను. నా దుకాణానికి అది వర్తిస్తుందని మాత్రం ఏనాడూ తోచలేదు.

ఎవరి దగ్గరకు, ఎప్పుడు వెళ్ళాలి?

పిల్లలు తరచుగా చేసే పొరపాటు, ఊరిలో అందరికంటే పెద్ద పేరున్న వారి దగ్గరకే వెళ్ళడం. పేరున్నచోట సహాయకులు అప్పటికే పదిమంది ఉంటారు. పదకొండోవాడికి దక్కేది వైరు చుట్టే పనే. ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే స్టూడియో అయితే యజమాని పక్కనే నిలబడే అవకాశం మొదటి వారంలోనే దొరుకుతుంది. అన్నిటికంటే మంచి పద్ధతి, ఆ స్టూడియోలో ఇంతకుముందు పని నేర్చుకున్నవారు ఇప్పుడు ఏం చేస్తున్నారో విచారించడం. వారిలో ఒకరిద్దరైనా సొంతంగా కెమెరా పట్టి బతుకుతుంటే అక్కడ నేర్పేవారున్నట్టే. ఐదేళ్ళ నాటి కుర్రవాడు ఇంకా లైటే పట్టుకొని నిలబడి ఉంటే, మీ అబ్బాయి కూడా అయిదేళ్ళకు అక్కడే నిలబడతాడు.

ఏ రకమైన ఫోటోగ్రఫీ నేర్చుకోవాలో ముందే తేల్చుకోవడం కూడా అవసరం. పెళ్ళిళ్ళ పని వేరు, పత్రికల పని వేరు, దుకాణాల సరుకులకు ఫోటోలు తీసే పని వేరు. వస్తువులకు, ఆహార పదార్థాలకు చిత్రాలు తీసేవారి దగ్గర వెలుతురును నింపాదిగా అర్థం చేసుకోవచ్చు. పెళ్ళిళ్ళ దగ్గర వేగం వస్తుంది, మనుషులు అర్థమవుతారు. జనాల మధ్య బిడియపడే పిల్లలను తల్లిదండ్రులు బలవంతంగా పెళ్ళిళ్ళ స్టూడియోకు పంపవద్దు. వాళ్ళు సరుకుల ఫోటోలలో ఎంతో రాణిస్తారు.

వెళ్ళే సమయం ముఖ్యం. మాఘ, ఫాల్గుణ, వైశాఖ మాసాలలో ముహూర్తాల మధ్య మేము నిద్రకే నోచుకోము. ఆ రోజులలో వచ్చి అడిగినవారికి విసుగుతో కూడిన సమాధానమే దొరుకుతుంది. ఆషాఢంలో, మూఢం రోజులలో హిందూ సోదరుల పెళ్ళిళ్ళు ఉండవు. రంజాన్‌లో, ముహర్రం తొలి రోజులలో మన ఇళ్ళలో పెళ్ళిళ్ళు ఉండవు. అప్పుడు స్టూడియో యజమాని పాత ఆల్బమ్ పనులు ముగించుకుంటూ తీరికగా ఉంటాడు. ఒక మంగళవారం జుహర్ నమాజు తరువాత రండి. టీ కూడా దొరుకుతుంది.

ఏం తీసుకొని వెళ్ళాలి? ఫోనులో రెండు వందల బొమ్మలు చూపిస్తే ఎవరూ చూడరు. మీరు తీసినవాటిలో పది ఎంచుకొని ప్రింట్లు వేయించి తీసుకొని వెళ్ళండి. ఖరీదైన కెమెరాతో తీసినవి కానక్కరలేదు. నా దగ్గరకు ఒక పిల్లవాడు తన నానీ చేతుల చిత్రాలు పది తెచ్చాడు: రొట్టె చేస్తున్నవి, తస్బీహ్ తిప్పుతున్నవి, మందుబిళ్ళ విరుస్తున్నవి. అన్నీ ఒకే కిటికీ పక్కన, మామూలు ఫోనుతో తీసినవి. మరుసటి రోజు నుంచే రమ్మన్నాను.

"ఏ పనైనా చేస్తాను" అనడం కంటే మీకు ఏది వచ్చునో చెప్పడం మేలు. బండి నడపడం వచ్చునా? కంప్యూటరులో టైపు చేయడం వచ్చునా? ఉర్దూ చదవడం వచ్చునా? ఉర్దూ పెళ్ళిపత్రికలోని పేర్లు తప్పుల్లేకుండా ఆల్బమ్ మీదకు ఎక్కించగలిగిన ఒక అమ్మాయిని ఆ ఒక్క కారణంతో నా స్నేహితుడు చేర్చుకున్నారు. ఇవాళ ఆమే ఆల్బమ్ డిజైన్ అంతా చూస్తున్నది. ఒకచోట కాదంటే బాధపడనక్కరలేదు. కాదన్నవారిని "మీకు తెలిసినవారెవరైనా ఉన్నారా అండీ?" అని అడగండి. ఈ వృత్తిలో అందరూ అందరికీ తెలుసు. సీజన్‌లో ఒకరి లైట్లు మరొకరు అరువు తెచ్చుకొని బతికేవాళ్ళం.

మొదటి మూడు నెలలు

కెమెరా చేతికి రాని కాలమంతా దోపిడీ కాదు. నేను ప్రింట్లు కడిగినట్టే ఈనాటి పిల్లలకూ కడగవలసిన పనులుంటాయి. ముందురాత్రి బ్యాటరీలన్నీ ఛార్జింగ్ పెట్టాలి. కార్డులు ఖాళీగా ఉన్నాయో లేవో చూడాలి. నిండిన కార్డులు ఒక జేబులో, ఖాళీవి మరొక జేబులో ఉండాలి; ఏ హడావిడిలోనూ ఈ నియమం తప్పకూడదు. పెళ్ళి ముగిసి ఇంటికి చేరగానే, ఎంత నిద్ర వచ్చినా, బొమ్మలన్నిటినీ రెండు వేర్వేరు హార్డ్‌డిస్కులలోకి ఎక్కించి, తెరిచి చూసుకున్న తరువాతనే కార్డును చెరపాలి. ఒక్కసారి పొరపడితే, ఆ నికాహ్ మళ్ళీ జరగదు.

ఆ తరువాత మూడు వేల బొమ్మలలో నుంచి నాలుగు వందలు ఏరే పని. నా దృష్టిలో అసలు పాఠశాల ఇదే. కళ్ళు మూసుకున్నవి, వణికినవి, ఒకే భంగిమలో పది తీసినవి పక్కన పెడుతూ పోతే, ఏ క్షణంలో బటను నొక్కి ఉండవలసిందో చేతికి దానంతట అదే తెలుస్తుంది. ఏరేటప్పుడు యజమాని పక్కన కూర్చొని "ఇది ఎందుకు తీసేశావు?" అని అడుగుతున్నాడా లేదా అన్నది తల్లిదండ్రులు పిల్లల ద్వారా తెలుసుకోవాలి. అడుగుతుంటే నేర్పుతున్నట్టు. ఏరమని చెప్పి ఇంటికి వెళ్ళిపోతుంటే వాడుకుంటున్నట్టు.

ఈ కాలంలో పిల్లలకు తప్పక చెప్పవలసింది అమానత్ గురించి. మన చేతిలోకి వచ్చేవి ఉత్త బొమ్మలు కావు, ఒక ఇంటి పరదా. పెళ్ళికూతురి గదిలో తీసిన ఒక్క చిత్రమైనా నేర్చుకొనేవాడి ఫోనులోకి వెళ్ళకూడదు. స్నేహితులకు చూపకూడదు. ఆ ఇంటివారి అనుమతి లేకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకూడదు. నా దగ్గర ఈ ఒక్క తప్పుకు రెండో అవకాశం లేదు. దీనిపై ఒకరిని పంపించివేశాను. అతడు మంచి పనివాడు. ఇప్పటికీ ఎదురైతే ఇద్దరం తల వంచుకొని వెళ్ళిపోతాం.

అమ్మాయిల సంగతి

నిరుడు దాదీతో వచ్చిన అమ్మాయిని నేను చేర్చుకోలేదు. మా స్టూడియోలో అందరం మగవాళ్ళమే. రాత్రి రెండింటికి పని ముగిస్తే ఆ పిల్లను ఎవరు ఇంటికి చేర్చాలి? ఆ ఏర్పాటు లేకుండా అవునని చెప్పడం సులువే గాని న్యాయం కాదు. అయితే ఆమెను తిప్పి పంపనూ లేదు. విజయవాడలో ఆడవారి కార్యక్రమాలకే వెళ్ళే ఒక సోదరి దగ్గరకు పంపాను.

ఆడవారి వైపు ఆడవారే ఫోటోలు తీయాలని కోరే కుటుంబాలు ఎప్పుడూ ఉన్నాయి. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకునిగా 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందిన రాజా దీన్ దయాళ్ కూడా ఈ అవసరాన్ని గుర్తించారు. 1892లో హైదరాబాదులో ఆయన ప్రారంభించిన జనానా స్టూడియోలో పరదా పాటించే స్త్రీలకు చిత్రాలు తీసే బాధ్యతను ఒక ఆంగ్లేయ మహిళ చూసుకున్నారు. నూరేళ్ళు దాటినా ఆ అవసరం తీరలేదు. మాంఝా, మెహందీ, జల్వా వేడుకలకు ఆడ ఫోటోగ్రాఫర్ కావాలని నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. సగం మందికి నేను ఎవరినీ చూపలేకపోతున్నాను. ఈ పని నేర్చుకున్న అమ్మాయికి పని కోసం వెతుక్కొనే అవసరం ఉండదు. ఇంట్లోవారు చేయవలసింది, రాకపోకల ఏర్పాటును మొదటి రోజే స్పష్టంగా మాట్లాడుకోవడం.

చట్టం ఏమంటుంది?

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద నమోదైన అభ్యర్థికి నెలనెలా స్టైపెండ్ ఇచ్చి తీరాలి. నలుగురి కంటే తక్కువ పనివారున్న సంస్థలు ఆ చట్టం కింద అప్రెంటిస్‌లను తీసుకోజాలవు. మా వంటి స్టూడియోలు ఎక్కువగా ఇద్దరు ముగ్గురితో నడిచేవే కాబట్టి, మా దగ్గర జరిగేదంతా నోటిమాట ఒప్పందమే. అలాగని ఏ వయసు పిల్లవాడినైనా పెట్టుకోవచ్చునని కాదు. పద్నాలుగేళ్ళు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. బడి మానిపించి పంపే తల్లిదండ్రులు వస్తే నేను కూర్చోమని కూడా అనను.

చట్టం మా గుమ్మం దాకా రాదు కాబట్టి ఒక కాగితం రాసుకోవడం మొదలుపెట్టాను. స్టాంపు పేపరు కాదు, నోటుపుస్తకంలో చింపిన ఒక పుట. జీతం లేని కాలం మూడు నెలలు. ఆ కాలంలోనూ బస్సు ఖర్చు, భోజనం నావి. నాలుగో నెల నుంచి ప్రతి కార్యక్రమానికి ఇంత అని అంకె వేస్తాను. మొదటి నెలలో ఏం నేర్పుతాను, రెండో నెలలో ఏం, మూడో నెలలో ఏం అన్నది మూడు వరుసలలో రాస్తాను. కెమెరా ఏ తేదీన చేతికిస్తానో అదీ రాస్తాను. పని వేళలలో నమాజుకు వెళ్ళే వీలు, పరీక్షలుంటే సెలవు. పరికరం చేయి జారి పగిలితే మరమ్మతు ఖర్చు నాది; కావాలని చేస్తే తప్ప పిల్లవాడి ఇంటిని అడగను. తండ్రి గాని, తల్లి గాని సంతకం చేస్తారు. సంతకం రానివారు వేలిముద్ర వేస్తారు. నకలు వాళ్ళింట్లో ఉంటుంది.

ఈ కాగితం చూసి తోటి యజమానులు కొందరు నవ్వుతారు. "గడువు రాసిస్తే, గడువు కాగానే పక్క వీధిలో దుకాణం పెడతాడు" అంటారు. నిజమే, పెడతారు. 2011 నాటి ఆ పిల్లవాడు పక్క వీధిలో కాకపోయినా నాలుగు వీధుల అవతల పెట్టాడు. నావి రెండు మూడు పాత ఖాతాలు అటు వెళ్ళాయి. కొంత కష్టంగానే ఉంది, దాచను. ఒక సీజన్‌లో నా ఫ్లాష్ పాడైతే అర్ధరాత్రి తనది తెచ్చిచ్చినవాడు కూడా అతడే. వాళ్ళమ్మగారు ఇప్పుడు యార్డుకు వెళ్ళడం మానేశారు. దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు.

క్రిందటి నెలలో ఒక పిల్లవాడు తండ్రితో వచ్చాడు. ఎప్పటిలాగే కాగితం రాసి ముందు పెట్టాను. తండ్రి చదివి సంతకానికి కలం తీశారు. పిల్లవాడు ఆయన చేయి పట్టుకొని ఆపి, తడబడుతూ అడిగాడు: "సార్, నాలుగో నెల నుంచి నేను తీసిన ఫోటో ఆల్బమ్‌లోకి వెళ్తే దాని కింద నా పేరు కూడా వేస్తారా?"

హోమాయి వ్యారావాలా తొలినాళ్ళలో తీసిన చిత్రాలు పత్రికలలో ఆమె భర్త పేరుతోనే అచ్చయ్యాయి. పద్మవిభూషణ్ అందుకొనేసరికి 2011 వచ్చింది, ఆమెకు తొంభై ఏడేళ్ళు. ఇది తెలిసి కూడా ఇన్నేళ్ళలో నా కాగితంలో ఆ వరుస ఎందుకు లేదో నాకే అర్థం కాలేదు. కాగితం వెనక్కి తీసుకొని, కింద మిగిలిన జాగాలో ఆ మాట రాసి, మళ్ళీ వారి ముందు పెట్టాను.